ఇంటి వైఫై రౌటర్: అమర్చుకునే పద్ధతి, మొరాయిస్తే చూడవలసినవి

ఇంట్లో నెట్ ఆగిపోగానే అందరి చూపూ రౌటర్ మీదికే పోతుంది. అయితే వీధి స్తంభం నుంచి చేతిలోని ఫోను వరకు నెట్ వచ్చే దారిలో నాలుగు మజిలీలు ఉన్నాయి: వీధి నుంచి ఇంట్లోకి దిగే ఫైబర్ తీగ, అందులోని కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చే ఓఎన్‌టీ పెట్టె, ఆ సంకేతాన్ని ఇంటిలోని పరికరాలకు పంచే రౌటర్, చివరగా రౌటర్‌కూ ఫోనుకూ మధ్యనున్న గాలి. లోపం ఏ మజిలీలో ఉన్నదో తేల్చుకోకుండా కొత్త రౌటర్ కొంటే డబ్బు పోవడమే గాని నెట్ బాగుపడదు. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి అంతా ఆ మజిలీలను ఒక్కొక్కటిగా వేరు చేసి చూడడమే. రెండు మూడు పడకగదుల ఫ్లాటులోనో, పైన ఒక అంతస్తు ఉన్న డాబా ఇంట్లోనో ఫైబర్ కనెక్షన్ ఉన్నవారిని దృష్టిలో ఉంచుకొని దీనిని రాస్తున్నాను.

పెట్టెను, దాని లైట్లను గుర్తు పట్టడం

కొన్ని ఇళ్లలో ఓఎన్‌టీ, రౌటర్ రెండు వేర్వేరు పెట్టెలుగా ఉంటాయి. ఇటీవల ఇస్తున్న కనెక్షన్లలో ఎక్కువ భాగం రెండింటినీ కలిపిన ఒకే పెట్టె. సన్నని పసుపు లేదా తెలుపు తీగ చివర ఆకుపచ్చ ప్లాస్టిక్ కనెక్టర్ ఏ పెట్టెకు తగిలి ఉన్నదో అదే ఓఎన్‌టీ. ఏపీ ఫైబర్‌నెట్ వంటి కనెక్షన్లలో టీవీ, ఫోను, నెట్ మూడూ ఒకే తీగ మీద వస్తాయి గనుక పెట్టె వెనుక రకరకాల పోర్టులు కనిపిస్తాయి, వాటిని చూసి కంగారు పడనక్కరలేదు.

ఓఎన్‌టీ మీది లైట్లలో రెండింటిని బాగా గుర్తుంచుకోవాలి. పాన్ అనే లైటు నిలకడగా ఆకుపచ్చగా వెలుగుతుంటే పెట్టె ఆపరేటర్ యంత్రంతో నమోదై ఉన్నదని అర్థం. అది అదే పనిగా మినుకుమినుకుమంటుంటే నమోదు ఇంకా పూర్తి కాలేదు. లాస్ అనే లైటు మామూలుగా ఆరిపోయి ఉండాలి. అది ఎర్రగా మెరుస్తున్నదంటే ఫైబర్‌లో కాంతి రావడం లేదు, లేదా చాలినంత రావడం లేదు. అప్పుడు రౌటర్ సెట్టింగులలో మీరు ఏమి మార్చినా ప్రయోజనం ఉండదు. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో కరెంటు స్తంభాల మీది కేబుళ్లను తొలగించినప్పుడు ఎందరో తమ రౌటర్లను పదేపదే ఆపి మళ్లీ వేసుకున్నారు. నిజానికి తెగినది వీధిలో.

ఎర్ర లైటు కనిపిస్తే ఇంట్లో మీరు చేయగలిగినది ఒక్కటే: తీగను వెంబడించి చూడడం. మంచం కోడు కింద నలిగిందా, తలుపు సందులో పడిందా, మేకు చుట్టూ బిగుతుగా చుట్టి ఉన్నదా అని గమనించాలి. ఫైబర్ గాజుతో చేసినది. తీగ పైకి బాగానే కనిపించినా మడత మరీ ఇరుకైతే లోపలి కాంతి బయటికి కారిపోతుంది. ఆకుపచ్చ కనెక్టర్‌ను ఊడదీయవలసి వస్తే దాని కొనను వేలితో తాకకూడదు, నోటితో ఊదకూడదు, కంటికి ఎదురుగా పెట్టుకొని లోపలికి చూడకూడదు. అందులోని కాంతి కంటికి కనిపించని లేజర్.

రౌటర్‌కు తగిన చోటు

రౌటర్ ధర కన్నా అది కూర్చున్న చోటే ఎక్కువ ముఖ్యమని నా అభిప్రాయం. కనెక్షన్ ఇచ్చే టెక్నీషియన్ తీగ ఎక్కడ లోపలికి వచ్చిందో అక్కడే పెట్టెను బిగించి వెళ్లిపోతాడు. అది సాధారణంగా వీధి వైపు కిటికీ పక్కనో, టీవీ వెనుకనో, సజ్జ మీదనో అవుతుంది. దాంతో సంకేతంలో సగం వీధిలోకి పోతుంది, చివరి పడకగదికి అందవలసినది అందదు. టెక్నీషియన్ ఇంట్లో ఉన్నప్పుడే ఇంటి నడుమ గోడ చూపించి, తీగను అక్కడి వరకు లాగమని అడగాలి. అది కుదరకపోతే పెట్టెను అక్కడే ఉంచి, దాని నుంచి నడిమి గోడ వరకు క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 ల్యాన్ కేబుల్ వేయించి, అక్కడ వేరే రౌటర్ పెట్టుకోవచ్చు. ల్యాన్ కేబుల్ 100 మీటర్ల వరకు నమ్మకంగా పనిచేస్తుంది గనుక ఇంటిలో దూరం అసలు సమస్యే కాదు.

ఎత్తు అయిదారు అడుగులు ఉంటే మంచిది. ఇనుప బీరువా, నిలువుటద్దం, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు సంకేతానికి గట్టి అడ్డంకులు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ కొంత తినేస్తుంది. ఇనుప చువ్వలు అల్లిన స్లాబు అంతకన్నా ఎక్కువ తినేస్తుంది. మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే పనిచేస్తుంది గనుక రౌటర్‌ను వంటగది గోడకు ఆనించి పెట్టడం తెలివైన పని కాదు. షోకేసు అద్దాల వెనుక దాచిపెట్టినా, పైన గుడ్డ కప్పినా పెట్టె వేడెక్కుతుంది. వేడెక్కిన రౌటర్ మధ్యాహ్నం పూట తనంతట తానే ఆగి మొదలవుతుంటే అందులో వింత లేదు.

యాంటెన్నాల విషయంలో ఒక చిన్న సూత్రం ఉంది. కడ్డీలాంటి యాంటెన్నా నుంచి సంకేతం గారె ఆకారంలో చుట్టూ పరుచుకుంటుంది. యాంటెన్నా ఆ గారె చిల్లులో నిలబడినట్టు ఉంటుంది. అందువల్ల యాంటెన్నా కొన ఎటు చూపుతుందో అటు సంకేతం బలహీనం, దాని పక్కలకు బలం. ఒకే అంతస్తులో వాడుకునేవారు అన్నింటినీ నిటారుగా నిలపాలి. మేడ మీదికి కూడా అందాలంటే ఒకదానిని అడ్డంగా పడుకోబెట్టి చూడవచ్చు. స్లాబును దాటించడం దానివల్ల పూర్తిగా సాధ్యం కాకపోయినా తేడా కొంత తెలుస్తుంది.

అమర్చే క్రమం

రౌటర్‌ను గోడకు బిగించక ముందే దానిని తిరగేసి, అడుగున ఉన్న స్టిక్కర్‌ను ఫోనుతో ఫొటో తీసుకోండి. వైఫై పేరు, తొలి పాస్‌వర్డ్, లాగిన్ చిరునామా, మ్యాక్ చిరునామా (ప్రతి పరికరానికీ తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య) అన్నీ దాని మీదనే ఉంటాయి. ఇదే సమయంలో ఆపరేటర్‌ను ఒక ప్రశ్న అడిగి జవాబు రాసి పెట్టుకోవాలి: కనెక్షన్ పీపీపీఓఈ పద్ధతిదా, డీహెచ్‌సీపీ పద్ధతిదా? మొదటిదైతే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇస్తారు; రెండవదైతే అవేవీ అవసరం లేదు. కొందరు ఆపరేటర్ల కనెక్షన్లలో వీల్యాన్ అనే నంబరును కూడా రౌటర్‌లో నింపవలసి ఉంటుంది, అదీ అడిగి రాసుకోండి. ఈ వివరాలు చేతిలో లేకుండా రౌటర్ వెనుక సూది రంధ్రంలో ఉండే రీసెట్ బటన్‌ను నొక్కకండి. అది పీపీపీఓఈ వివరాలను కూడా తుడిచివేస్తుంది, ఆపైన టెక్నీషియన్ వచ్చేవరకు ఇంట్లో నెట్ ఉండదు.

వేరే రౌటర్ పెట్టుకుంటున్నట్లయితే ఓఎన్‌టీ ల్యాన్ పోర్టు నుంచి కేబుల్‌ను రౌటర్‌లో వేరే రంగుతో ఉండే, బయటి నెట్ లోపలికి వచ్చే వ్యాన్ పోర్టుకు తగిలించాలి. మొదటిసారి లాగిన్ అయ్యేటప్పుడు ఫోనులో మొబైల్ డేటా ఆపివేసి, రౌటర్ వైఫైకి కలిపి, బ్రౌజర్‌లో స్టిక్కర్ మీది చిరునామాను కొట్టాలి. అది సాధారణంగా 192.168.0.1 గాని 192.168.1.1 గాని అవుతుంది. తెరుచుకున్న పేజీలో కనెక్షన్ రకాన్ని ఎంచుకొని, వివరాలు నింపి, సేవ్ చేసిన తరువాత వ్యాన్ స్థితి చూపే చోట ఒక ఐపీ చిరునామా కనిపించాలి. అక్కడ 0.0.0.0 అని ఉంటే ఆపరేటర్ వైపు నుంచి జవాబు రాలేదు.

ఇక్కడ తరచుగా ఎదురయ్యే చిక్కులు రెండున్నాయి. మొదటిది, ఓఎన్‌టీలో కూడా రౌటర్ కలిసి ఉండి, రెండు పెట్టెలూ 192.168.1.1 అనే ఒకే చిరునామాను పట్టుకొని కూర్చోవడం. అప్పుడు వైఫై కలుస్తుంది గాని నెట్ రాదు. మీ రౌటర్ ల్యాన్ చిరునామాను 192.168.2.1కి మార్చినా సరిపోతుంది. అంతకన్నా శుభ్రమైన పని మీ రౌటర్‌ను వైఫై మాత్రమే పంచే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టడం, లేదా ఓఎన్‌టీని తన రౌటర్ పని మానే బ్రిడ్జ్ మోడ్‌కు మార్చమని ఆపరేటర్‌ను కోరడం. రెండవ చిక్కు, కొందరు స్థానిక ఆపరేటర్లు కనెక్షన్‌ను మొదట పెట్టిన పరికరం మ్యాక్ చిరునామాకే కట్టివేయడం. పాత రౌటర్‌తో వచ్చిన నెట్ కొత్తదానితో రాకపోతే, వారికి ఫోన్ చేసి మ్యాక్ రీసెట్ చేయమంటే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

వైఫై పేరు, చానల్, తాళం

2.4 గిగాహెర్ట్జ్ సంకేతం గోడలను దాటి దూరం పోతుంది, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, గోడలకు త్వరగా లొంగిపోతుంది. రెండింటికీ ఒకే పేరు పెట్టి ఎంపికను ఫోనుకు వదిలేయడం సౌకర్యమే గాని, సీసీ కెమెరాలు, స్మార్ట్ బల్బులు వంటివి చాలావరకు 2.4 మాత్రమే పట్టుకోగలవు. వాటిని కలిపేటప్పుడు ఒకే పేరు ఉంటే కొన్ని మొండికేస్తాయి. ఆ పరికరాలు ఉన్న ఇంట్లో రెండు పేర్లు వేరుగా ఉంచుకోవడమే మేలు.

ఈ ప్రాంతాలను చానళ్లు అనే చిన్న భాగాలుగా విడదీస్తారు. 2.4లో ఒకదానితో ఒకటి కలియని చానళ్లు 1, 6, 11 మూడే. అపార్ట్‌మెంట్‌లో పదిహేను ఇరవై వైఫై పేర్లు కనిపిస్తున్నాయంటే అందరూ ఈ మూడింటినే పంచుకుంటున్నారని అర్థం. ఫోనులో వైఫై ఎనలైజర్ రకం యాప్ వేసుకొని, మూడింటిలో రద్దీ తక్కువ ఉన్నదానిని ఎంచుకొని, చానల్ వెడల్పును 20 మెగాహెర్ట్జ్ వద్ద నిలపాలి. 40 పెడితే వేగం రెట్టింపవుతుందని ఆశపడతారు గాని, రద్దీలో అది పొరుగువారికీ మీకూ నష్టమే. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు విశాలం. మన దేశంలో ఆ ప్రాంతంలో పెద్ద భాగానికి 2018లోనే లైసెన్సు అవసరం తొలగించారు. అక్కడ 36 నుంచి 48 వరకు ఉన్న చానళ్లతో మొదలుపెట్టి 80 మెగాహెర్ట్జ్ వెడల్పు ఇవ్వవచ్చు. 52 నుంచి 144 వరకు ఉండే చానళ్లలో చాలా రౌటర్లు రాడార్ సంకేతం కోసం వింటూ ఉంటాయి. వినిపించిందంటే వెంటనే చానల్ ఖాళీ చేస్తాయి, దాంతో వైఫై ఉన్నట్టుండి మాయమవుతుంది. విమానాశ్రయం దగ్గరివారికి ఇది ఎక్కువగా అనుభవంలోకి వస్తుంది.

తాళం, అంటే వైఫై భద్రతా పద్ధతి విషయంలో డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ కన్నా తక్కువది పెట్టకూడదు. పరికరాలన్నీ కొత్తవైతే డబ్ల్యూపీఏ3 పెట్టుకోవచ్చు. పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల మధ్య ఉండవచ్చు. ఫోను నంబరు, ఇంటి నంబరు, పిల్లల పేరు పక్కన 123 పెట్టే అలవాటు మానుకొని, ఒకదానికొకటి పొంతన లేని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో వరుసగా రాస్తే మనకు గుర్తుంటుంది, ఇతరుల ఊహకు అందదు. వైఫై పాస్‌వర్డ్ వేరు, రౌటర్ పేజీలోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు. రెండవదానిని మార్చనివారే ఎక్కువ. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ లక్షల కెమెరాలను, రౌటర్లను వశం చేసుకున్నది ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చకపోవడం వల్లనే. బటన్‌తోనో పిన్‌తోనో పరికరాలను కలిపే డబ్ల్యూపీఎస్ ఆపివేయండి, బయటి నుంచి నిర్వహించే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపివేయండి, రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్‌ను అప్‌డేట్ చేయండి. పైవాటాలో అద్దెకున్నవారికి, వచ్చిపోయే చుట్టాలకు గెస్ట్ నెట్‌వర్క్ అనే వేరే వైఫై పేరు ఇవ్వండి. ఆ కనెక్షన్ మీద ఎవరు ఏమి చేసినా విచారణ మొదట వచ్చేది అది ఎవరి పేరున ఉన్నదో వారి ఇంటికే.

నెట్ రానప్పుడు

రౌటర్‌ను ఆపి మళ్లీ వేయడం మంచి మొదటి అడుగే, అయితే దానికి వరుస ఉంది. రెండు పెట్టెలూ ఆపి అర నిమిషం ఆగండి. ముందు ఓఎన్‌టీ వేసి, పాన్ లైటు నిలకడ పడేవరకు రెండు మూడు నిమిషాలు వేచి ఉండి, ఆ తరువాతే రౌటర్ వేయండి.

లైట్లన్నీ బాగానే ఉండి నెట్ లేకపోతే, ముందు ప్లాన్ గడువు ముగిసిందేమో చూడండి. ఆ తరువాత కంప్యూటర్‌లో కమాండ్ విండో తెరిచి ping 8.8.8.8 అని కొట్టి, ఆ చిరునామా నుంచి జవాబు వస్తుందేమో చూడండి. జవాబు వస్తూ, వెబ్‌సైటు పేరు కొడితే మాత్రం తెరుచుకోకపోతే లోపం డీఎన్ఎస్‌లో, అంటే వెబ్‌సైటు పేరును చిరునామాగా మార్చే ఏర్పాటులో ఉంది. రౌటర్‌లో డీఎన్ఎస్ చిరునామాలుగా 8.8.8.8, 1.1.1.1 నింపితే తీరిపోతుంది. పరికరానికి 169.254తో మొదలయ్యే చిరునామా వచ్చిందంటే రౌటర్ దానికి చిరునామా ఇవ్వలేదు. కేబుల్ వదులైందా, రౌటర్‌లో చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ ఆగిపోయిందా చూడాలి. వ్యాన్ చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే నెట్ పనిచేస్తుంది గాని, ఒకే పబ్లిక్ చిరునామాను ఆపరేటర్ ఎందరికో పంచుతున్నాడని అర్థం. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే పిలుపును ఇంటిలోని ఒక పరికరానికి మళ్లించడం) పెట్టి ఇంటి సీసీ కెమెరాను బయటి నుంచి చూడాలనుకునేవారు గంటలు వృథా చేసేది ఇక్కడే. దానికి ఆపరేటర్ నుంచి మీకు మాత్రమే చెందే, మారని చిరునామా అయిన స్టాటిక్ ఐపీ తీసుకోవాలి, లేదా క్లౌడ్ ద్వారా పనిచేసే కెమెరా వాడాలి.

లైటు వెలుగుతూనే పెట్టె పదేపదే రీస్టార్ట్ అవుతుంటే అడాప్టర్‌ను అనుమానించండి. పాతబడిన అడాప్టర్ ఖాళీగా ఉన్నప్పుడు సరైన వోల్టేజీ చూపిస్తూ, భారం పడగానే చతికిలబడుతుంది. కొత్తది కొనేటప్పుడు వోల్టేజీ పాతదానితో సరిగ్గా సమానంగా ఉండాలి, ఆంపియర్లు సమానం గాని ఎక్కువ గాని ఉండవచ్చు. 9 వోల్టుల పెట్టెకు పిన్ను సరిపోయిందని 12 వోల్టులది తగిలించకూడదు. కరెంటు పోయినప్పుడు కూడా నెట్ కావాలనుకుంటే రౌటర్ కోసం అమ్మే చిన్న యూపీఎస్ చాలు. ఒక తీగలోని కాంతిని పలు ఇళ్లకు పంచే వీధిలోని స్ప్లిటర్లకు కరెంటు అక్కరలేదు గనుక ఆపరేటర్ కేంద్రంలో కరెంటు ఉన్నంతవరకు నెట్ వస్తూనే ఉంటుంది. ఉరుములు మెరుపులు ముంచుకొచ్చినప్పుడు ప్లగ్ పీకి పెట్టడం ఇప్పటికీ మంచి అలవాటే.

నెమ్మదిగా ఉన్నప్పుడు

వేగాన్ని ముందుగా కేబుల్ మీద కొలవాలి. ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో కలిపి, ఇతర పరికరాలన్నీ ఆపి, స్పీడ్ టెస్ట్ చేయండి. కేబుల్ మీద ప్లాన్ వేగం వచ్చి వైఫైలో రాకపోతే లోపం గాలిలో. కేబుల్ మీద కూడా రాకపోతే మీ వైఫైని వదిలేసి ఆపరేటర్‌ను పట్టుకోవాలి. 200 లేదా 300 ఎంబీపీఎస్ ప్లాన్ ఉండి కొలత ఎప్పుడూ 94 దగ్గర ఆగిపోతుంటే, దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్టు ఉంది, లేదా కేబుల్‌లోని ఎనిమిది తీగలలో నాలుగే కనెక్టర్‌లో సరిగ్గా కూర్చున్నాయి. కేబుల్ చివర ఉండే ఆర్‌జే45 కనెక్టర్ సాధారణంగా పారదర్శకంగా ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చూస్తే ఎనిమిది రాగి కొనలూ చివరి వరకు చేరాయో లేదో కంటికే తెలుస్తుంది. ఇక 100 ఎంబీపీఎస్ ప్లానులో డౌన్‌లోడ్ సెకనుకు 12 మెగాబైట్లే చూపిస్తున్నదని ఫిర్యాదు చేసేవారు ఎనిమిది బిట్లు ఒక బైటు అని గుర్తుంచుకుంటే చాలు, వారి నెట్‌కు ఏ లోపమూ లేదు.

సాయంత్రం ఏడు దాటాక మాత్రమే నెమ్మదిస్తే అదే కేబుల్ కొలతను తెల్లవారుజామున ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి తీసి పోల్చండి. రాత్రి కేబుల్ మీద కూడా పడిపోతే ఆపరేటర్ సామర్థ్యం చాలడం లేదు. కేబుల్ మీద నిలబడి వైఫైలో పడిపోతే పొరుగిళ్ల రద్దీ, చానల్ మార్చాలి. స్పీడ్ టెస్ట్ బాగున్నా వీడియో కాల్ తెగిపోతుంటే కారణం మరొకటి కావచ్చు: ఇంట్లో ఎవరి ఫోనో ఆ సమయంలో పెళ్లి ఫొటోలు, వీడియోలు క్లౌడ్‌కు ఎక్కిస్తూ ఉంటుంది. అప్‌లోడ్ దారి నిండిపోయి, రౌటర్‌లో ప్యాకెట్లు వరుస కట్టి నిలబడతాయి. అమెరికాలోని కొడుకుతో మాట్లాడే పెద్దవారికి మాట ముక్కలు ముక్కలుగా వినిపించేది అందుకే. రౌటర్‌లో క్యూఓఎస్ అనే, నెట్ వాడకానికి వరుస, హద్దు పెట్టే సదుపాయం ఉంటే అప్‌లోడ్ హద్దును అసలు వేగంలో 90 శాతం దగ్గర పెట్టండి. లేకపోతే ఫోనులో బ్యాకప్‌ను అర్ధరాత్రికి మార్చండి.

ఒక్క పరికరంలోనే ఇబ్బంది ఉంటే రౌటర్‌ను తాకనవసరం లేదు. ఆ ఫోనులో ఆ వైఫై పేరును ఫర్గెట్ చేసి మళ్లీ కలపండి. వీపీఎన్, ప్రైవేట్ డీఎన్ఎస్ ఆపి చూడండి. తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో గమనించండి.

మేడ మీదికి అందకపోతే

గోడ ప్లగ్గులో పెట్టే చవక రిపీటర్‌ను నేను చివరి దారిగానే చూస్తాను. అది విన్నదానిని అదే చానల్ మీద మళ్లీ చెప్పవలసి ఉంటుంది గనుక వేగం దాదాపు సగానికి పడిపోతుంది. ల్యాన్ కేబుల్ వేయగలిగితే అటక మీద పడి ఉన్న పాత రౌటరే ఆ పనిని ఇంతకన్నా బాగా చేస్తుంది. దానిని మొదట రీసెట్ చేసి, ల్యాప్‌టాప్‌కు కలిపి, ల్యాన్ చిరునామాను 192.168.1.2కి మార్చండి, ప్రధాన రౌటర్ 192.168.0.1 అయితే దీనికి 192.168.0.2 ఇవ్వాలి. డీహెచ్‌సీపీ ఆపివేయండి. వైఫై పేరు, పాస్‌వర్డ్, తాళం రకం కిందిదానితో సమానంగా పెట్టి, చానల్ మాత్రం వేరుగా ఎంచుకోండి; కింద 1 ఉంటే పైన 6 లేదా 11. చివరగా కింది నుంచి వచ్చే కేబుల్‌ను దాని వ్యాన్ పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులలో ఒకదానికి తగిలించండి. కేబుల్ లాగడం అసలే కుదరని ఇంట్లో మెష్ సెట్, అంటే గాలిలోనే ఒకదానితో ఒకటి కలిసి పనిచేసే రెండు మూడు పెట్టెల జట్టు తీసుకోవచ్చు. దాని రెండవ పెట్టెను సంకేతం అందని గదిలో పెట్టకుండా, మెట్ల మలుపులాంటి చోట, ఇంకా సంకేతం బాగా అందే దూరంలో నిలపాలి.

ఆపరేటర్‌కు ఫోన్ చేసేటప్పుడు "నెట్ రావడం లేదు" అని మాత్రమే చెబితే వారు కూడా "రీస్టార్ట్ చేయండి" అని మాత్రమే చెబుతారు. లాస్ లైటు ఏ స్థితిలో ఉన్నదో, కేబుల్ మీద వేగం ఎంత వచ్చిందో, ఏ సమయంలో కొలిచారో చెప్పండి. ఓఎన్‌టీ పేజీలో ఆర్ఎక్స్ పవర్, అంటే పెట్టెకు అందే కాంతి బలం కనిపిస్తే ఆ అంకె కూడా చెప్పండి. అది మైనస్ 27 డీబీఎం దరిదాపులకు దిగిందంటే కాంతి మరీ బలహీనంగా ఉన్నట్టే. టెక్నీషియన్ వచ్చి జాయింటు మళ్లీ వేయవలసిందే. ఫిర్యాదు నమోదు కాగానే ఇచ్చే డాకెట్ నంబరును రాసి పెట్టుకోండి. గడువులోగా పని జరగకపోతే అదే సంస్థలోని అప్పీలు అధికారికి ఆ నంబరుతోనే రాయవలసి ఉంటుంది.